మీ ఇంట్లో ముందు లేచేది ఎవరు?

ఆయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను స్టవ్ దగ్గర టీ మరగబెడుతున్నాను. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్న దగ్గర్నుంచి మా ఆవిడ పొద్దున్నే మంచం దిగలేకపోతోంది. అందుకని ఆ డ్యూటీ నా మీద పడింది. ఫోన్ తనే ఎత్తింది. దుబాయ్ రోజుల్లో మాతో కలిసి తిరిగిన వైజాగ్ స్నేహితుడు చేశాడు. రెండు మాటలు విని, "అయ్యో, ఎప్పుడు?" అని అడిగి, దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను పట్టకారు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. నేను పోతే ఈమె ఇంతలా ఏడుస్తుందా అనుకున్నాను. దుబాయ్ వదిలి పదహారేళ్ళు దాటింది, ఆ మనిషి చచ్చిపోయాడు కూడా. నా కుళ్ళు మాత్రం చావలేదు.

ఆయన పేరు రాయను. మా అమ్మాయి పెట్టిన పేరు చాలు: టెంటు మావయ్య. ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది. బర్ దుబాయ్‌లో పెరుగుతున్న మా అమ్మాయికి సొంత మేనమామలు కూడా అంకుల్సే. ఈయన ఒక్కడు మాత్రం మొదటి రోజే, "అంకులేటమ్మా, మంగలి షాపులో పిలిచినట్టు. మావయ్యా అను" అన్నాడు. అది నోరారా మావయ్యా అంది.

మేమిద్దరం జెబెల్ అలీలో ఒకే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. నేను పర్చేజ్ ఆఫీసర్ని, ఆయన స్టోర్‌కీపరు. నేను ఏసీ గదిలో టై కట్టుకుని ఆర్డర్లు పెడితే, ఆ సరుకు రేకుల షెడ్డులో ఆయన దింపించుకునేవాడు. నాకు బర్ దుబాయ్‌లో ఫ్లాటు, భార్య, కూతురు. ఆయనది కంపెనీ క్యాంపులో ముగ్గురు ఉండే గది. మాది వరంగల్, ఆయనది కోనసీమ. హోదాలో నాకంటే రెండు మెట్లు కింద. ఈ సంగతి నేను ఏనాడూ మరిచిపోలేదు, ఆయన ఏనాడూ గుర్తుపెట్టుకోలేదు.

చలికాలం వచ్చిందంటే మా కంపెనీలో ఉన్న నాలుగైదు తెలుగు కుటుంబాలు గురువారం మధ్యాహ్నం సగం పూట పని కాగానే ఖోర్ ఫక్కాన్ వైపు బయలుదేరేవి. అక్కడ ఊరు దాటాక కొండకీ సముద్రానికీ మధ్య ఇసుక తీరం ఉంది. గుడారాలు వేసుకుని, వండుకుని తిని, పడుకుని, శుక్రవారం సాయంత్రానికి వెనక్కి. ఈ అలవాటు మొదలుపెట్టినవాడు ఆయనే. దుబాయ్‌లో గుమ్మం ముందే సముద్రం పెట్టుకుని రెండు గంటల దూరం ఎందుకయ్యా అంటే, "ఆయ్, ఇక్కడ సూర్యుడు నీళ్ళల్లో ములిగిపోతాడండి. చూట్టానికే దిగులు. మా వైపు నీళ్ళల్లోంచి లెగుస్తాడు. ఆ ఖోర్ ఫక్కాన్ ఎల్తే కరెక్టుగా మా ఊళ్ళోలాగే లెగుస్తాడండి" అనేవాడు.

వాళ్ళది పెళ్ళిళ్ళకు పందిళ్ళు, షామియానాలు వేసే ఇల్లు. ఆ చేతులు చూడాలి. తీరం మీద దిగగానే చెప్పులు విప్పి, చిటికెడు ఇసుక గాల్లోకి వదిలి, అది ఎటు పోతుందో చూసి, గుడారం మూతి అటే తిప్పేవాడు. అరచెయ్యి నేల మీద ఆనించి కాసేపు ఉంచేవాడు. ఏం చూస్తున్నావంటే, "పడుకోనిస్తాదో లేదో అడుగుతున్నానండి" అనేవాడు. మా అందరి గుడారాలూ వేశాక చివర్న తనది వేసుకునేవాడు. అది బజార్లో కొన్నది కాదు. బయట లారీ మీద కప్పే టార్పాలిన్. లోపల మాత్రం ఊరి నుంచి తెచ్చుకున్న పాత షామియానా గుడ్డ, ఎర్ర పువ్వులు, పచ్చ పువ్వులు. పిల్లలందరూ అందులోకి దూరి వెల్లకిలా పడుకునేవాళ్ళు. మేం వేలకు వేలు పోసి కొన్న జర్మనీ గుడారాలు ఎండలో ఖాళీగా ఉడుకుతూ ఉండేవి.

అందరిలో మా అమ్మాయికే పిచ్చి ఎక్కువ. దానికప్పుడు ఆరేళ్ళు. ముళ్ళు వెయ్యడం నేర్పమని ఆయన వెంట పడేది. వారమంతా నేను ఎత్తుకుని తిరిగినా, లెక్కలు చెప్పినా, ఐస్‌క్రీం పెట్టించినా, గురువారం సాయంత్రం అయ్యేసరికి నన్ను కారు దగ్గరే వదిలేసి ఆయన దగ్గరికి పరుగెత్తేది. నాకు కావలసింది పెద్ద కోరికేం కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ తీరం మీద అది నా వైపు పరుగెత్తాలి. అంతే. నవ్వితే నవ్వండి, ఆ నాలుగేళ్ళూ నేను చేసిన పనులన్నీ దానికోసమే.

ఏ గుడారం కొనాలి, కారు వెనక మంచం ఉన్న చిన్న బండి తగిలించుకోవాలా, పెద్దది తీసుకోవాలా అని కొత్తగా వచ్చినవాళ్ళందరూ ఆయన్నే సలహా అడిగేవాళ్ళు. పర్చేజ్ ఆఫీసర్ని నేనిక్కడ ఉండగా! ఆయన ఎప్పుడూ సామాను గురించి మాట్లాడేవాడు కాదు. అందరినీ ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది ఎవరండి?"

వైజాగ్ స్నేహితుడు "మా అమ్మ" అన్నాడు. "అయితే గుడారం వద్దండి. పెద్దావిడ వంగి వంగి బయటికి రాలేదు. మెట్టూ తలుపూ ఉన్న చిన్న బండి తగిలించుకోండి" అన్నాడు. ఇంకొకళ్ళు చంటిపిల్లాడు అంటే, "గుడారమేనండి. పాకినా ఇసకలోనే పాకుతాడు, ఎత్తు మీంచి పడడు" అన్నాడు. ముందు లేచేవాళ్ళకు అడ్డం లేకుండా చూస్తే చాలునట, మిగతావాళ్ళు ఎలాగైనా నిద్రపోతారట.

ఒక శుక్రవారం అందరం కూర్చుని పులిహోర తింటుంటే నన్నూ అడిగాడు. నేను ఆలోచించకుండా, "నేనే" అన్నాను.

మా ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మీరా? మీరెన్నడు లేసిన్రు? ఛాయ్ చేతిల పెడ్తెగాని కండ్లు తెరవరు!"

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నా ముఖం మాడిపోయింది. నవ్వనిది ఆయన ఒక్కడే. "అలాగైతే సార్‌గారికి చిన్న టెంటు చాలండి. తలుపు దగ్గర మీరు పడుకోండి. ఎవర్నీ దాటకుండా బయటికొచ్చి పొయ్యి ఎలిగించుకోవచ్చు" అన్నాడు, నేను చెప్పింది అక్షరాలా నిజమైనట్టు. నన్ను కాపాడాడో ఆట పట్టించాడో నాకు అప్పుడూ తెలియలేదు. ఆ నవ్వినవాళ్ళ కంటే ఆయన మీదే నాకు ఎక్కువ మంట పుట్టింది.

చిన్న టెంటు చాలన్నాడు కాబట్టి నేను కారవాన్ కొన్నాను. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర. నా ఫోర్‌వీల్ బండి వెనక తగిలించుకునే చిన్న గూడు. లోపల మంచం, చిన్న సింక్, మూల అగ్గిపెట్టెంత అలమర. బర్ దుబాయ్‌లో కారు పెట్టడానికే చోటు దొరకదు, ఇక దీన్నెక్కడ పెట్టను? మా ముదీర్‌ను, అంటే మేనేజర్ని, బతిమాలి ఫ్యాక్టరీ యార్డులో, స్టోర్ పక్కన నిలబెట్టాను. దాన్ని తుడిచి, మీద టార్పాలిన్ కప్పి, తాడు కట్టింది ఎవరనుకున్నారు? నేను అడగలేదు. "ఎండకి రంగు పోతాదండి" అన్నాడు.

ఆ గూడుతో వెళ్ళిన మొదటిసారే అది ఇసుకలో పీకల దాకా దిగబడింది. నేను యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా దిగిపోయింది. అందరూ చుట్టూ చేరి తలా ఒక సలహా ఇస్తున్నారు. ఆయన నెమ్మదిగా వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, టైర్లలో గాలి సగానికి వదిలేశాడు. మధ్యమధ్య దానికి పాఠం చెబుతున్నాడు. "ఇదిగో, పిడికిలితో ఇలా కొట్టమ్మా. టంగుమంటే గాలి నిండా ఉన్నట్టు. మొద్దుగా మోగిందనుకో, తగ్గినట్టు. ఇసకలో తగ్గాలి, రోడ్డెక్కితే నింపాలి." అది అన్ని టైర్లూ కొట్టి చూసి, "మావయ్యా, ఇప్పుడు మొద్దుగుంది!" అని గంతులేసింది. బండి బయటికొచ్చింది. యల్లా యల్లా అని అందరూ చప్పట్లు కొట్టారు, ఆయనకి. ఆ పూట నా కూతురు మెత్తటి పరుపు వదిలేసి షామియానా పువ్వుల కింద పడుకుంది.

దాంతో నాకు పట్టుదల పెరిగిపోయింది. 2006 చలికాలానికి ముదీర్‌ ద్వారా మా కఫీల్, అదే మా వీసాలిచ్చిన అరబ్బు యజమాని ఇంట్లో మాట కదిపి, ఆయన కొడుకు వేటకు తీసుకెళ్ళే పెద్ద బండిని ఒక్క వారాంతానికి సంపాదించాను. బస్సంత ఉంది. లోపల రెండు పడకలు, ఏసీ, ఫ్రిజ్, సోఫా, స్నానాల గది, పఠాన్ డ్రైవరు. తీరం మీద అది ఆగితే ఆయన గుడారం దాని నీడలో కనబడకుండా పోయింది. నా కడుపు చల్లబడింది.

అనుకున్నదొకటి, అయినదొకటి. ఆ బండి ఎక్కడానికి అందరూ వరస కట్టారు గాని, సోఫా కోసం కాదు, ఏసీ కోసం కాదు. బాత్రూం కోసం. అన్ని కుటుంబాల ఆడవాళ్ళూ ఆ సాయంత్రం నుంచి మర్నాటి దాకా లోపలికి వెళ్తూ వస్తూనే ఉన్నారు. నేను సోఫాలో కూర్చుని వచ్చిపోయేవాళ్ళకు తలుపు తీశాను. శుక్రవారం మధ్యాహ్నానికి ట్యాంకు నిండిపోయింది. "ఖలాస్!" అని పఠాన్ తలుపుకు తాళం వేసేశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన నా దగ్గరికి వచ్చి, తలపాగా చేసుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "సార్, మీ మీద నాకు కుళ్ళొచ్చిందండి ఇయ్యాల. ఇన్నేళ్ళ నుంచీ నేల గురించీ గాలి గురించీ చూసేను గాని, ఆడోళ్ళు చీకటి పడేదాకా బిగబట్టుకుని కూచుంటన్నారని నాకు తట్టలేదండి. ఎంత ఎదవనో చూడండి. మీకు తట్టింది." నాకూ తట్టలేదు. నేను ఆయన్ని చిన్నబుచ్చడానికే ఆ బండి తెచ్చాను. ఆ మాట చెప్పి ఉంటే మేం స్నేహితులమయ్యేవాళ్ళమేమో. "అవునవును, అన్నీ ఆలోచించాలి మరి" అన్నాను గంభీరంగా. ఆ క్షణంలో మా అమ్మాయి తల నిండా ఇసుకతో పరుగెత్తుకొచ్చి, నన్ను దాటి వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత నెల రోజులకు ఆయన నా గదికి వచ్చాడు. నా గదికి ఆయన పనిలేకుండా రావడం అదే మొదలు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా ఆవిడ వచ్చిందండి, విజిట్ మీద. నెల్రోజులు. మీ బర్ దుబాయ్‌లో తెలిసినోళ్ళ ఇంట్లో ఒక గదిచ్చేరు." 

"సంతోషం" అన్నాను.

"అదేనండి, అటు సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూపిస్తానని పదేళ్ళ నుంచీ ఫోన్లో చెప్తన్నానండి. మా ఇంట్లో ముందు లేచేది తనేనండి. కానీ మోకాళ్ళు బొత్తిగా పోయేయి. నేల మీంచి లేవలేదు. మడత మంచం కుంగిపోతాది. లేవడానికి పట్టుకోడానికి గట్టిగా ఓ అంచుండాలి. వైజాగ్ బాబుగారు తమది అమ్మేసేరు. ఈ గురువారం మీ కారవాన్ ఒక్క పూటకి ఇస్తే, వాళ్ళ కారుకి తగిలించుకుంటానన్నారండి." తల గోక్కుని, "గుడారాలోడు కారవాన్ అడుగుతున్నాడని నవ్వకండేం" అన్నాడు.

ఇన్నాళ్ళకు ఆయన నన్నొకటి అడిగాడు. ఇవ్వడానికి నాకేం అడ్డం లేదు. తాళంచెవి సొరుగులోనే ఉంది. కానీ ఆ గూట్లోంచి ఆ దంపతులు పొద్దున్నే బయటికి రావడం, మా వాళ్ళంతా చుట్టూ చేరడం, మా అమ్మాయి అత్తయ్యా అంటూ ఆవిడ ఒళ్ళో ఎక్కడం, అంతా నా కళ్ళ ముందు ఆడింది. నా బండి కూడా ఆయనదే అయిపోతుంది. 

"టైరు బాగాలేదు. ఎడమ వైపుది. రోడ్డెక్కితే ప్రమాదం" అన్నాను.

"అవునాండి" అన్నాడు. "సరేనండి" అని వెళ్ళిపోయాడు. నాకు హాయిగా ఉంటుందనుకున్నాను. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

అబద్ధం చెప్పేటప్పుడు ఒకటి మరిచిపోయాను. నా మాట ఆయన ఎప్పుడూ నమ్ముతాడు. బుధవారం నేను పని నుంచి ముందుగా బయలుదేరాక ఫోన్ చేశాడు. "సార్, మన పికప్ డ్రైవర్ని అడిగితే ఆ సైజు టైరు ఒకటి ఇచ్చేడండి. జాకీ కూడా తెచ్చేను. తాళంచెవితో ఓసారి వస్తే మార్చేస్తాను. మీ బండి ఎప్పటికైనా బాగుపడాల్సిందేగా." స్కూలు నుంచి తీసుకొస్తున్న మా అమ్మాయి కారులో నా పక్కనే ఉంది. ఫోన్లో మావయ్య గొంతు విని నేనూ వస్తానని పేచీ పెట్టింది.

మేం వెళ్ళేసరికి ఆయన టార్పాలిన్ విప్పేసి, జాకీ, స్పానర్లు వరసగా గోనె మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన ఆ అరువు టైరు. ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలితో నొక్కాడు. అంచు చుట్టూ వేలు తిప్పి చూశాడు. పిడికిలితో కొట్టాడు. మా అమ్మాయి కూడా పక్కన గొంతుక్కూర్చుని తన చిన్న పిడికిలితో కొట్టింది. నేను దూరంగా, స్టోర్ గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. నా కూతురు ముందు ఇప్పుడు ఈయన తలెత్తి, "టైరుకేం కాలేదే సార్" అంటాడు. ఆ ఒక్క మాటతో నా పరువు గంగలో కలుస్తుంది.

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. నా ముఖం చూశాడు. ఎంతసేపో కాదు, తాళంచెవి తిప్పినంతసేపు.

"మీ డాడీ చెప్పింది కరెక్టేనమ్మా. ఈ వారం ఈ బండి కదలదు" అన్నాడు.

"మరి కొత్త టైరు తెచ్చినవ్ గద మావయ్యా?" అంది అది.

"సైజు కుదర్లేదమ్మా." 

జాకీ గోనెలో చుట్టుకున్నాడు. టార్పాలిన్ మళ్ళీ కప్పి, ఎప్పటిలాగే నాలుగు మూలలా ముళ్ళు వేసి, గాలికి లేవకుండా రాయి పెట్టాడు. మమ్మల్ని కారు దాకా సాగనంపి, ఆ అరువు టైరు దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారం ఇద్దరూ షేర్ టాక్సీలో ఖోర్ ఫక్కాన్ వెళ్ళారట. చేరేసరికి తొమ్మిది దాటింది, సూర్యుడు ఎప్పుడో పైకి వచ్చేశాడు. "ఎండగా ఉన్నా బాగుందండి. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాదిలెండి" అని స్టోర్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను. ఆవిడ మళ్ళీ రాలేదు. నేను మళ్ళీ ఆ తీరానికి వెళ్ళలేదు. కారవాన్ ఎవరికో అమ్మేశాను. 2008లో మేం తిరిగి వచ్చేస్తుంటే ఎయిర్‌పోర్టుకు వచ్చి, మా పెట్టెలన్నిటికీ తాళ్ళు కట్టి, మా అమ్మాయిని ఎత్తుకోబోయి, పెద్దదైపోయిందని నవ్వి, తల నిమిరి పంపించాడు.

ఇదీ ఆయన. ఇప్పుడు పోయాడు.

కబురు విన్న రోజు సాయంత్రం మా అమ్మాయి పూణే నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఉద్యోగం దానికి. వాళ్ళమ్మ పొద్దున్నే చెప్పిందట. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

"డాడీ, ఒకటి అడగనా? ఆ రోజు కారవాన్ టైరు మంచిగనే ఉండె గద?"

"నీకెట్ల తెలుసు?"

"నేను గూడ కొట్టి చూసిన గద. టంగుమంది."

"మరి గప్పుడే ఎందుకు అడగలే?"

"మావయ్యను అడిగిన. మనల్ని కారు దాక తోలనీకి వచ్చిండు సూడు, నువ్వు ముందల నడుస్తున్నవ్, గప్పుడు చెవిల అడిగిన. 'డాడీని మాత్రం ఎప్పుడూ అడక్కమ్మా, నా మీద ఒట్టు' అన్నడు." ముక్కు చీదుకుంది. "ఇగ ఆయన లేడు గద. ఒట్టు తీరిపోయింది."

అంటే ఇన్నేళ్ళూ నా కూతురికి నేనేంటో తెలుసు. తెలిసీ, ఆయనకిచ్చిన మాట కోసం నా ముందు ఒక్కసారి కూడా బయటపడలేదు. నాకిచ్చిన మాటలు అది ఎన్ని నిలబెట్టుకుందో గుర్తు చేసుకోబోయాను. సిగ్గు లేదు చూడండి, అప్పుడు కూడా ఆయన్ని చూసి ఏడుపే. అబద్ధం ఆడడంలో కూడా నాకంటే ఆయనే మెరుగు. నా అబద్ధం ఆయన భార్యకు ఒక్క పొద్దును లేకుండా చేసింది. ఆయన అబద్ధం నా ముఖాన్ని పదిహేడేళ్ళకు పైగా కాపాడింది.

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. టైరు సంగతి ఆమెకు తెలియదు. టైరు పాడైందని అప్పట్లో ఆమెకూ చెప్పాను, పాపం అని కూడా అంది. ఇప్పుడు అంతా విని, తైలం రాసుకుని గుడ్డ చుట్టుకున్న తన మోకాళ్ళ వైపు చూసుకుంది.

"రేపు నాకు ఛాయ్ పెట్టకుండ్రి" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మా ఇంట్లో ముందు లేచింది తనే. మంచం అంచు పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వంటింటి దాకా వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. నేను కళ్ళు మూసుకుని పడుకునే అంతా వింటున్నాను. లేచి వెళ్ళి చెయ్యి అందించడానికి నాకు ముఖం చెల్లలేదు.